రిఫిఫీలో లేని గొడుగు

ముందే ఒక హెచ్చరిక. 1955లో వచ్చిన ఒక ఫ్రెంచి సినిమా కథ మొత్తం ఇక్కడ చెప్పెయ్యబోతున్నాను. డెబ్భై ఏళ్ళ సినిమాకి కూడా స్పాయిలర్ ఏమిటండీ అంటే నేనేం చెప్పలేను. చూసే ఉద్దేశం ఉన్నవాళ్ళు చూసొచ్చి చదువుకోండి.

ఇప్పుడు నేరాంగీకారం. ఉద్యోగంలో చేరిన ఈ ఆరేళ్ళలో, క్యాంటీన్లో సినిమాల మాట వచ్చినప్పుడల్లా "మీరు రిఫిఫీ చూశారా? అది చూడకుండా దొంగతనం సినిమాల గురించి మాట్లాడకండి" అని కనీసం ఓ యాభై మందితో అని ఉంటాను. అందరూ నెట్‌ఫ్లిక్స్‌లో 'మనీ హైస్ట్' ఎగబడి చూస్తున్న రోజుల్లోనైతే నా గొడవ మరీ ఎక్కువైంది. మా టీమ్‌లో నాకు 'రిఫిఫీ' అనే పేరు కూడా పెట్టారు. నేరం ఏమిటంటే, నేనా సినిమా చూళ్ళేదు. 2025 దసరా దాకా చూళ్ళేదు.

చూడకుండానే అంత ధీమాగా ఎలా మాట్లాడానంటే, నాకా సినిమా సీను సీనూ తెలుసు. మా మావయ్య చెప్పాడు. ఒకసారి కాదు, ఓ వారం రోజులు వరసగా చెప్పాడు.

2006లో అమ్మకి ఆపరేషన్ అయింది. నాన్నకేమో షిఫ్టు డ్యూటీలు. నన్ను చూసుకునేవాళ్ళు లేక ఆ ఏడాది నన్ను చింతూరులో మావయ్య దగ్గర ఉంచారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. చింతూరు ఎక్కడుందో తెలియనివాళ్ళ కోసం: భద్రాచలం నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు పోయే రోడ్డు మీద, శబరి ఒడ్డున ఉంటుంది. అటు కాస్త ముందుకెళితే కోంట, ఆ పక్కనే ఒడిశా. ఇటు మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కితే రంపచోడవరం మీదుగా రాజమండ్రి. నేనున్నప్పుడు అది ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోతున్నప్పుడు పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రలో కలిపి తూర్పు గోదావరిలో వేశారు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. మా మావయ్య ఇల్లు మారకుండానే మూడు జిల్లాల్లో కాపరం చేశాడు :)

ఆయన అక్కడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో టీచరు. హాస్టల్ వార్డెన్ పని కూడా ఆయన మీదే ఉండేది. పిల్లలు ఎక్కువగా కోయ పిల్లలు. ఇంట్లో కోయ భాష, బళ్ళో తెలుగు. చిన్న తరగతుల్లో కొత్తగా చేరినవాళ్ళకి తెలుగు సగం సగమే వచ్చేది.

ఆ ఏడాది ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. గోదావరి పెరిగితే కూనవరం దగ్గర శబరి నీళ్ళు పోవడానికి దారి ఉండదు, వెనక్కి తన్ని చింతూరు వైపు ఊళ్ళ మీద పడతాయి. చట్టి దగ్గర రోడ్డు మునిగిందంటే ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే. కరెంటు లేదు. హాస్టల్ పిల్లల్ని ఇళ్ళకి పంపడానికి దారి లేదు. అందర్నీ కాస్త మెరకలో ఉన్న గదుల్లోకి చేర్చి, రెండు లాంతర్లు పెట్టి కూర్చోబెట్టారు. నేనూ వాళ్ళతోనే. రాత్రుళ్ళు నీళ్ళ చప్పుడు వినపడేది. చిన్నపిల్లలు కొందరు ఏడ్చేవాళ్ళు. అదిగో, అప్పుడు మావయ్య మొదలుపెట్టాడు రిఫిఫీ కథ. పేరు మాత్రం ఆయన 'రిఫ్ఫీ' అనేవాడు.

సినిమా కథ చెప్పడం అనేది మన దగ్గర ఒక కళ. ఇప్పుడు పోయిందనుకోండి. పట్నం వెళ్ళి సినిమా చూసొచ్చినవాడు నెల రోజులపాటు ఊళ్ళో హీరో. పాటలు పాడి, ఫైటింగులు నోటితో చేసి మరీ చెప్పేవాడు. అంతకుముందు తరం వాళ్ళయితే రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం విని, బొమ్మ వాళ్ళే ఊహించుకునేవారు. అలా చూడకుండానే చూసిన సినిమాలు మా అమ్మకి బోలెడున్నాయి.

మావయ్య చెప్పిన కథ ఇది.

పారిస్ అని ఒక ఊరు. అక్కడ నలుగురు దొంగలు. ఊళ్ళో కెల్లా పెద్ద నగల కొట్టు. కొట్టుకి ఒక గంట ఉంటుంది, చిన్న చప్పుడైనా మోగుతుంది. అందుకని దొంగలు ఆ కొట్టు పైన ఉన్న ఇంట్లోంచి నేలకి కన్నం వేస్తారు. చప్పుడు కాకూడదు. ఒక్క పెచ్చు కింద పడినా గంట మోగుతుంది. (ఇక్కడ మావయ్య తన నల్ల గొడుగు తీసేవాడు.) చిన్న కన్నం చేసి, మూసి ఉన్న గొడుగుని అందులోంచి కిందికి దింపుతారు. కింద గొడుగు తెరుచుకుంటుంది, తలకిందులుగా. ఇహ ఎన్ని పెచ్చులు రాలినా గొడుగులోనే పడతాయి. ఇలా అరగంట సేపు దొంగలు ఒక్క ముక్క మాట్లాడరు. మావయ్య కూడా మాట్లాడేవాడు కాదు. ఉలి పట్టుకున్నట్టు, చెమట తుడుచుకున్నట్టు, పైన ఎవరో నడిచినట్టు చేతులతో, మొహంతో చేసి చూపించేవాడు. అరవై మంది పిల్లలం ఊపిరి బిగపట్టి చూసేవాళ్ళం.

కొట్టులో ఒక ముసలి వాచ్‌మన్ నిద్రపోతూ ఉంటాడు. నగలు మూట కట్టుకుని దొంగలు వెళ్ళిపోతుంటే, ఆఖరివాడు వెనక్కొచ్చి, చలికి ముడుచుకుని పడుకున్న ఆ ముసలాయనకి దుప్పటి కప్పి పోతాడు.

తెల్లారాక తెలుస్తుంది, గొడుగు కొట్టులోనే మర్చిపోయారని. గొడుగు మీద దొంగ పేరు తెల్ల రంగుతో రాసి ఉంది! (మన ఊళ్ళలో గొడుగు మారిపోకుండా పేరు రాయించుకుంటాం కదా. పారిస్‌లోనూ అంతే అనుకున్నాను నేను.) పేరు దొరికితే పోలీసులకి దొంగ దొరికినట్టే. ఎలాగైనా ఆ గొడుగు వెనక్కి తెచ్చుకోవాలి. మిగతా కథంతా ఆ గొడుగు కోసం తిప్పలు. ఒక రాత్రి ఒక ఉపాయం, అది పారదు. ఇంకో రాత్రి ఇంకోటి. ఆఖరికి దొంగ ధైర్యం చేసి మళ్ళీ ఆ కొట్టులోకే వెళ్తే, ముసలి వాచ్‌మన్ మేలుకుని కూర్చుని ఉంటాడు. ఒడిలో దుప్పటి. "దీన్ని నాకు కప్పింది నువ్వేగా? ఇదిగో నీ గొడుగు" అని చేతికిస్తాడు. దొంగ నగల మూట ఆయన ముందు పెట్టి, గొడుగు వేసుకుని వానలో నడిచి పోతాడు.

చెప్పండి, ఇంత మంచి కథని ప్రపంచంలో కెల్లా గొప్ప దొంగతనం సినిమా అని నేను చాటుకుంటూ తిరగడంలో తప్పేముంది?

తప్పు బయటపడేసింది మా టీమ్‌లోనే ఒకడు. పాత సినిమాల పిచ్చోడు. ఒకరోజు లంచ్‌లో నేను గొడుగు వెనక్కి తెచ్చుకునే సీను వర్ణిస్తుంటే విని, "ఆ సినిమాలో అలాంటి సీను లేదే" అన్నాడు. "నువ్వు చూసింది కట్ చేసిన ప్రింటు అయ్యుంటుంది" అన్నాను ఏమాత్రం తొణక్కుండా. వాడు నన్ను కాసేపు అలా చూసి, బిర్యానీ పందెం కట్టి, మర్నాడు తన క్రైటీరియన్ డీవీడీ తెచ్చి నా డెస్క్ మీద పెట్టాడు. "చూసి చెప్పు" అని ఒక్క మాటే అన్నాడు.

డీవీడీ నా బ్యాగులో మూణ్ణెల్లుంది. ఒక్కణ్ణే చూడబుద్ధి కాలేదు. చూస్తే మావయ్యతోనే చూడాలనిపించింది. దసరాకి ఎలాగూ చింతూరు వెళ్ళాల్సిన పని పడింది. మావయ్య 2024లో రిటైరయ్యాడు. రాజమండ్రిలో కూతురి దగ్గరికి మకాం మార్చేస్తున్నారు. సామాను సర్దడానికి నన్ను రమ్మన్నారు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఉన్న ఇల్లే అయినా అది అద్దె ఇల్లు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరులు స్థలం కొనడానికి లేదు, ఆయనా ఎప్పుడూ కొనాలనుకోలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ ఇంట్లోకి కూడా నీళ్ళొచ్చాయి. పుస్తకాలు సగం పోయాయి. గోడ మీద నీళ్ళు నిలిచిన చార సున్నం వేసినా లీలగా కనిపిస్తూనే ఉంది. ఇప్పుడక్కడ ఏ ఇద్దరు కలిసినా 41.15, 45.72 అని మాట్లాడుకుంటారు. పోలవరంలో ఏ ఎత్తుకి నీళ్ళు నిలబెడితే ఏ ఊరు పోతుందనే లెక్కలు అవి, మీటర్లలో. "మీది ఏ కాంటూరు?" అని అడగడం అక్కడ "బాగున్నారా?" అని అడిగినంత మామూలు. మావయ్య అయితే వెళ్ళిపోతున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లల ఇళ్ళు అక్కడే ఉన్నాయి.

సరే, అసలు విషయానికొస్తాను. సగం సర్దిన ఇంట్లో, అట్టపెట్టెల మీద లాప్‌టాప్ పెట్టి, పక్కన కొత్తగా కొన్న డీవీడీ డ్రైవ్ తగిలించి, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టాం. నేను, మావయ్య, అత్తయ్య.

మొదటి నలభై నిమిషాలు నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టయింది. టోనీ అని ఒక పెద్దమనిషి, ఐదేళ్ళు జైల్లో ఉండి కొత్తగా బయటికొచ్చాడు. దగ్గుతూ, పేకాటలో డబ్బులు పోగొట్టుకుంటూ ఉంటాడు. తను జైల్లో ఉండగా వేరేవాడితో వెళ్ళిపోయిన ప్రియురాల్ని పిలిపించి, ఒంటి మీద నగలు, కోటు తీయించి, బెల్టుతో కొడతాడు. కొట్టడం తెర మీద చూపించరు గానీ వినిపిస్తుంది. ఇతనేనండీ హీరో! అత్తయ్య "ఇదేం సినిమా రా, ఇది చూడ్డానికా నన్ను కూర్చోబెట్టారు" అని లేచి వంట సామాను సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. నేను మావయ్య వంక చూశాను. ఆయన చెప్పిన కథలో ఈ బెల్టు లేదు. ఆయన ఇబ్బందిగా తల గోక్కుని "పిల్లలకి అవన్నీ ఎందుకని వదిలేశాలే" అన్నాడు. అది సబబే అనిపించింది.

తర్వాత దొంగతనం ఏర్పాట్లు. ఇక్కణ్ణుంచి లేచి కూర్చున్నాను. మన పని చేసేవాళ్ళకి ఈ భాగం ప్రత్యేకంగా నచ్చుతుంది. కొట్టులో ఉన్న అలారం ఏ మోడలో కనుక్కుని, అచ్చం అలాంటిదే ఒకటి సంపాదించి, నేలమాళిగలో పెట్టుకుని రకరకాలుగా పరీక్షలు చేస్తారు. ఆఖరికి మంటలార్పే సిలిండరు నురగ పట్టిస్తే అది నోరెత్తదని కనిపెడతారు. 1955లోనే దొంగలకి స్టేజింగ్ సర్వర్ ఉంది. మా క్లయింట్లలో కొందరికి ఇప్పటికీ లేదు.

ఇహ ఆ అరగంట. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. దాదాపు అరగంట పాటు మాట లేదు, సంగీతం లేదు. ఉలి చప్పుడు, తాడు రాపిడి, ఊపిరి, అంతే. జార్జ్ ఓరిక్ అనే సంగీత దర్శకుడు ఈ సీనుకి సంగీతం కట్టాడట కూడా. సంగీతంతో ఒకసారి, లేకుండా ఒకసారి చూశాక లేకుండానే ఉండనిమ్మని ఆయనే ఒప్పుకున్నాడట. గొడుగు ఉంది. అచ్చం మావయ్య చూపించినట్టే కన్నంలోంచి దిగి, తలకిందులుగా తెరుచుకుంది. నాకు ఒళ్ళు జలదరించింది. పంతొమ్మిదేళ్ళ కిందట లాంతరు వెలుగులో చూసిన గొడుగు అది. డైరెక్టరు జూల్స్ దస్సేన్ అమెరికావాడు. కమ్యూనిస్టు అని ముద్ర వేసి హాలీవుడ్లో పని లేకుండా చేస్తే యూరప్ వచ్చి, ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండి, తక్కువ డబ్బుతో ఇది తీశాడు. ఇనప్పెట్టెలు తెరిచే ఇటలీ దొంగ వేషం కూడా తనే వేశాడు. ఆ ఏడాది కాన్స్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి పంచుకున్నాడు. ఆ అరగంటకి ఎన్ని బహుమతులిచ్చినా ఇవ్వొచ్చు.

కానీ కొట్టులో వాచ్‌మన్ లేడు. దుప్పటీ లేదు. సరే, వస్తుందిలే అనుకున్నాను.

దొంగతనం అయిపోయింది. నగలు దొరికాయి. గొడుగు మర్చిపోయిన సంగతి ఎవరికీ గుర్తే లేదు! అక్కణ్ణుంచి సినిమా ఇంకో దారి పట్టింది. ఇటలీ దొంగ తను మోజుపడ్డ క్లబ్బు పాటగత్తెకి ఒక ఉంగరం ఇస్తాడు. దాంతో గుట్టు రట్టవుతుంది. ఇంకో రౌడీ ముఠా దిగుతుంది. ఒకణ్ణీ వాడి భార్యనీ చంపేస్తారు. నోరు జారినందుకు ఇటలీవాణ్ణి టోనీయే కాల్చేస్తాడు. ఇంకొకడి చిన్న కొడుకుని ఎత్తుకుపోతారు. నగలివ్వు, పిల్లాణ్ణిస్తాం అంటారు. ఇది మనకి కొత్తా చెప్పండి? చిన్నపిల్లాణ్ణి కుర్చీకి కట్టేసి "నీ కొడుకు ప్రాణాలతో కావాలంటే..." అని ఫోన్లు చేసే విలన్లని చూసి చూసి పెరిగాం మనం. అందరూ ఒకర్నొకరు కాల్చుకుని చస్తారు. ఆ నిశ్శబ్దం, ఆ ఓపిక, ఆ పనితనం అన్నీ ఏమైపోయాయో తెలీదు. మొదటి రిలీజు అద్భుతంగా చేసిన టీమ్‌ని మార్చేసి, రెండోది వేరేవాళ్ళకి అప్పజెప్పినట్టుంది.

పెద్ద పెద్దవాళ్ళు ఈ సినిమాని ఆకాశానికెత్తారు. త్రూఫో అయితే తను చదివిన క్రైమ్ నవలల్లో కెల్లా చెత్త దాంట్లోంచి తను చూసిన వాటిలో కెల్లా గొప్ప నోయిర్ సినిమా తీశారన్నాడు. అంతటివాళ్ళతో వాదించే స్తోమత నాకు లేదు. నా మటుకు నాకు, గంటా పదిహేను నిమిషాల దగ్గర గొప్ప సినిమా అయిపోయింది. తర్వాత నడిచింది మామూలు సినిమా. ఒక్క ఆఖరి కారు ప్రయాణం మినహాయిస్తాను. తూటా దెబ్బ తిన్న టోనీ స్పృహ తప్పుతూ కారు నడుపుతుంటాడు. కౌబాయ్ బట్టల్లో ఉన్న పిల్లాడు వెనకాల బొమ్మ తుపాకీతో ఆడుకుంటూ ఉంటాడు. అది బాగుంది. బాగా ఉంది.

ఇదంతా అవుతుండగా, విసుగేసి పక్కకి తిరిగి మావయ్య వంక చూశాను. ఆయన కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళార్పకుండా చూస్తున్నాడు. తెలిసిన కథ మళ్ళీ చూసేవాడు అలా చూడడు. ఉంగరం బయటపడినప్పుడు "అయ్యో" అన్నాడు. పిల్లాణ్ణి ఎత్తుకుపోయినప్పుడు "వీళ్ళెవర్రా మధ్యలో" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు.

అయిపోయాక ల్యాప్‌టాప్ మూసేశాను. మావయ్య కాసేపాగి, "అయితే పిల్లాణ్ణి ఇంటికి చేర్చాడన్నమాట" అన్నాడు. నలభై ఒక్కేళ్ళ నుంచి ఆ సమాధానం కోసం ఎదురుచూస్తున్నవాడిలా అన్నాడు.

"మావయ్యా, నువ్వీ సినిమా చూళ్ళేదు కదూ" అన్నాను.

"చూశాన్రా! గొడుగు దాకా చూశాను కదా!"

అప్పుడు చెప్పాడు. 1984లో హైదరాబాదులో బీఎడ్ చదివే రోజులు. రూమ్మేటు ఒకడు ఫిల్మ్ సొసైటీ షోకి లాక్కెళ్ళాడు. మావయ్య పల్లెటూరి నుంచి వచ్చి తెలుగు మీడియంలో చదివినవాడు. సినిమా ఫ్రెంచిలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. ఒక లైను చదివేలోపు ఇంకో లైను వచ్చేసేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. తెలిసినట్టు తనూ నవ్వేవాడట. లేచి వెళ్ళిపోదామనుకునేసరికి ఆ దొంగతనం మొదలైంది.

"ఆ అరగంట హాల్లో అందరూ నాతో సమానం అల్లుడూ" అన్నాడు. "ఇంగ్లీషు అక్కర్లేదు, ఫ్రెంచి అక్కర్లేదు. వాళ్ళకెంత తెలుస్తోందో నాకూ అంతే తెలుస్తోంది. ఆ ఊళ్ళో అడుగుపెట్టాక అలా అనిపించడం అదే మొదటిసారి."

దొంగతనం అవగానే లేచి వచ్చేశాడట. హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకి మూసేస్తారు. అదీగాక మళ్ళీ మాటలు మొదలయ్యాయి.

నేను కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఉద్యోగంలో చేరాక మొదటి క్లయింట్ కాల్‌లో అవతలివాళ్ళ జోకుకి అందరూ నవ్వితే అర క్షణం ఆలస్యంగా నేనూ నవ్వాను. ఇది చదువుతున్నవాళ్ళలో ఆ అర క్షణం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు. కాల్ అయిపోయాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని కోడ్ రాసుకునే వేళ ఉంటుంది చూడండి, అప్పుడు ఎవరి ఇంగ్లీషు ఎలా ఉందో ఎవరికీ పట్టదు. అదే మన అరగంట.

"మరి పిల్లలకెందుకు చెప్పావు ఈ కథ?" అన్నాను. నేనైతే ఇన్నాళ్ళూ మా గోల ఆపడానికే మాటల్లేని కథ ఎంచుకున్నాడనుకున్నాను. "అదీ ఉందనుకో" అని నవ్వాడు. "మొదటి తరగతుల వాళ్ళకి తెలుగు సరిగ్గా రాదు. నాకు వాళ్ళ భాష అంతంత మాత్రం. పెద్దపిల్లలు నవ్వుతుంటే వాళ్ళు బిక్కమొహం వేసుకుని చూసేవాళ్ళు. ఆ చూపు నాకు తెలుసు కదరా. గొడుగు కథ అయితే అందరికీ ఒకటే."

"దుప్పటి?"

"అది నాది కాదు. మొదటి రోజు ఊరికే వాచ్‌మన్ పడుకున్నాడని చెప్పా. మన హాస్టల్‌కి వాచ్‌మన్ ఉన్నాడుగా, వాళ్ళకి తెలిసినవాడు ఒకడుండాలని పెట్టా. రెండో రోజు ఒకడు లేచి 'సార్, ఆ తాతకి చలి వెయ్యదా?' అన్నాడు. వాడికే దుప్పటి లేదు ఆ రాత్రి. ఉన్నవి తడిసిపోయాయి, ఇద్దరికొకటి ఇచ్చాం. అందుకని కప్పించా."

యూజర్ అడిగితే పెట్టిన ఫీచర్ అన్నమాట. మిగతా కథంతా, అంటే గొడుగు మీద పేరు, దాని కోసం తిప్పలు, ఆఖర్న వాచ్‌మన్ చేతికివ్వడం, అవన్నీ ఆ దుప్పటి చుట్టూ రోజుకింత అల్లుకుంటూ పోయాడు. వరద తగ్గడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలియదు కాబట్టి గొడుగు త్వరగా దొరక్కుండా చూసుకున్నాడు.

తర్వాత దీని గురించి చాలా ఆలోచించాను. రిఫిఫీ వచ్చిన 1955లోనే మనకి 'దొంగరాముడు' వచ్చింది. అందులో అక్కినేని చెల్లెలి కోసం దొంగ అవుతాడు. మన దొంగకి ఎప్పుడూ ఒక చెల్లెలో, అమ్మో, పేదవాళ్ళో ఉండాలి. దొంగకి మంచి మనసు లేకపోతే మనకి కథ మింగుడు పడదు. ఇది మన బలహీనత అని నేనే చాలాసార్లు వాదించాను. పాశ్చాత్యులు నిజాన్ని నిజంలా చూపిస్తారు, మనం బెల్లం పూసి పెడతాం అని. ఆ వాదన ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు. దస్సేన్ తన దొంగల్ని మంచివాళ్ళని చెయ్యలేదు, ఆ బెల్టు సీనుతో ముందే చెప్పేశాడు వీళ్ళెలాంటివాళ్ళో. అది నిజాయితీయే. కానీ మావయ్యకి ఎదురుగా ఉన్నది కాన్స్ జ్యూరీ కాదు. చీకట్లో, తడి బట్టల్లో, ఇంటికి పోలేక కూర్చున్న అరవై మంది పిల్లలు. వాళ్ళకి అందరూ చచ్చిపోయే కథ చెప్పి పడుకోమనడం ఎవరివల్లా కాదు. ఆ రాత్రికి కావలసిన రెండో సగం ఆయన చెప్పాడు.

అందుకని సినిమా మీద నా తీర్పు నేనే పూర్తిగా నమ్మలేకపోతున్నాను. నేను రెండో సగం చూస్తూ నిరాశపడింది దస్సేన్ వల్లనా, లేక దస్సేన్ ఎప్పుడూ ఇస్తానని చెప్పని గొడుగు కోసం ఎదురుచూడ్డం వల్లనా? మావయ్యకేమో అదే రెండో సగం విపరీతంగా నచ్చింది. ఆయన మొదటిసారి చూస్తున్నాడు మరి, పైగా ఈసారి తెలుగులో అర్థం చెప్పడానికి పక్కన నేనున్నాను. మధ్య మధ్యలో సబ్‌టైటిల్స్ చదివి వినిపించింది నేనే. ఆ సంగతి అప్పుడు గమనించుకోలేదు, ఇది రాస్తుంటే తట్టింది.

మర్నాడు సామాను లారీకెక్కించాం. గొడుగు కోసం వెతికాను. ఆ నల్ల గొడుగు 2022 వరదలోనే పోయిందట. దాని మీద పేరు ఉండేదా అని అడిగితే అత్తయ్య "ఆ, ఉండేది. నేనే రాయించాను, హాస్టల్లో పిల్లలు పట్టుకుపోతున్నారని" అంది. వీధి చివర ఒకతను స్కూటర్ ఆపి "సార్, వెళ్ళిపోతున్నారా" అని వచ్చి బీరువా ఎత్తడానికి సాయం పట్టాడు. మావయ్య దగ్గర చదువుకున్నవాడేనట, నాకంటే ఒకట్రెండేళ్ళు పెద్ద. నేనెవరో చెబితే కాసేపు తేరిపార చూసి, ఏమీ అనకుండా, రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఒక గొడుగుని తలకిందులుగా తెరిచాడు.

ఆఫీసుకి తిరిగొచ్చి డీవీడీ వెనక్కిచ్చేశాను. బిర్యానీ కూడా ఇప్పించాను, పందెం పందెమే. తింటూ వాడు "ఎలా ఉంది మరి?" అని అడిగాడు. మొదటి గంటా పదిహేను నిమిషాలు అద్భుతం, తర్వాత మామూలు అన్నాను. ఆపైన గొడుగు కథ మొత్తం మొదట్నుంచీ చెప్పాను, ఈసారి ఎవరు చెప్పారో కూడా చెప్పి. వాడు చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి విన్నాడు.

కాబట్టి రిఫిఫీ చూడండి. అరగంట దొంగతనం కోసమైనా చూడాలి. గొడుగు వెనక్కొస్తుందని మాత్రం ఎదురుచూడకండి. మీకెవరైనా చిన్నప్పుడు చెప్పిన సినిమా కథ ఉంటే, ఆ సినిమా చూసేముందు ఒకసారి ఆలోచించుకోండి. చెప్పినవాళ్ళింకా ఉంటే మాత్రం ఆలోచించకండి. వాళ్ళ పక్కన కూర్చుని చూడండి.

ఉంటాను మరి.